వూనిబాల్డ్ కామ్: తోక, వృత్తం, మధ్యలో పన్నెండేళ్ళు

మా నాన్న లారీ డ్రైవర్. ముప్ఫై ఏళ్ళు రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు, భద్రాచలం వైపు లోడు తోలాడు. నా చేతికి మొదటిసారి స్టీరింగ్ ఇచ్చిన రోజు ఆయన చెప్పిన మాట ఒకటే. "మలుపులోకి వెళ్ళకముందే బ్రేకు కొట్టేసుకో. మలుపులో ఉన్నప్పుడు బండిని తిరగమని తప్ప ఇంకేమీ అడక్కు." ఎందుకు నాన్నా అంటే, "టైరు ఒకేసారి రెండు పనులు చెయ్యదురా" అన్నాడు. నేను మరీ పట్టించుకోలేదు, పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్తల్లో ఇదొకటి అనుకున్నాను.

ఎనిమిదేళ్ళ తర్వాత జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఎమ్మెస్ మొదటి సెమిస్టర్‌లో వెహికల్ డైనమిక్స్ క్లాసులో ప్రొఫెసర్ బోర్డు మీద ఒక గుండ్రం గీశాడు. మధ్యలోంచి నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. నిలువు గీత బ్రేకు, ఆక్సిలరేటర్. అడ్డగీత మలుపు. కింద "కామ్ వృత్తం" అని రాశాడు. నాన్న మాటకి బొమ్మ ఇదే అని అర్థం కావడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, కానీ అర్థమయ్యాక ఆ క్లాసులో తర్వాత చెప్పిందేదీ నా చెవికి ఎక్కలేదు.

విషయం చాలా తేలిక. టైరు రోడ్డుని పట్టుకునే శక్తికి ఒక హద్దు ఉంది, అది టైరు మీద పడే బరువుని బట్టీ, రోడ్డు పొడిగా ఉందా తడిగా ఉందా అన్నదాన్ని బట్టీ ఉంటుంది. ఆ మొత్తం పట్టే ఈ వృత్తం. దాన్ని బ్రేకుకి వాడుకోవచ్చు, మలుపుకి వాడుకోవచ్చు, రెంటికీ పంచుకోవచ్చు, అంతేగానీ వృత్తం దాటి ఒక్క పిసరు కూడా బయటికి పోలేవు. ఇందులో అందరూ పొరపాటు పడే చోటు ఒకటుంది. పట్టులో 80 శాతం మలుపుకి వాడేస్తే బ్రేకుకి మిగిలేది 20 శాతం అనుకుంటాం, కాదు, 60 శాతం మిగులుతుంది, ఎందుకంటే ఇది కూడిక లెక్క కాదు, స్కూల్లో చదువుకున్న లంబకోణ త్రిభుజం లెక్క, మూడు-నాలుగు-ఐదు. వినడానికి ఇది శుభవార్తలా ఉంటుంది. కానీ అదే లెక్కని చివరి దాకా తీసుకెళ్ళి చూడండి. 90 శాతం వాడితే 44 మిగులుతుంది, 98 వాడితే 20, వంద వాడితే సున్నా. అంచుకి దగ్గరయ్యేకొద్దీ మిగిలింది దబ్బున పడిపోతుంది. అందుకే మలుపులో "అంతా బాగానే ఉంది" అనిపించే వేగానికీ బండి చెయ్యి జారిపోయే వేగానికీ మధ్య తేడా డ్రైవర్‌కి ముందుగా తెలియదు. నాన్న చెప్పిన మాట కొంచెం ఎక్కువ జాగ్రత్తతో చెప్పింది. టైరు రెండు పనులూ చేస్తుంది, పంచుకుని చేస్తుంది. కానీ ఘాట్‌లో లోడుతో దిగేవాడికి ఆ ఎక్కువ జాగ్రత్తే సరైన లెక్క.

ఆ నవంబర్‌లోనే నేను దాన్ని ఒంటితో నేర్చుకున్నాను. స్నేహితుడు కొన్న పాత కారు, ఈఎస్‌పీ, అంటే బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు, లేనిది. స్టుట్‌గార్ట్ ఊరి బయట జోలిట్యూడ్ కోట వైపు అడవిలోంచి రోడ్డు, వాన పడి ఆగింది, రోడ్డంతా తడిసిన ఆకులు. ఒక మలుపులో ఎదురుగా లైట్లు కనపడేసరికి భయపడి బ్రేకు తొక్కేశాను. స్టీరింగ్ ఎడమకి తిప్పి ఉంది, కారు మాత్రం తిన్నగా పోయింది. గడ్డిలో దిగి ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. చేతులు వణుకుతుంటే పది నిమిషాలు అక్కడే కూర్చున్నాను. పరీక్షలో ఆ వృత్తం గీసి మార్కులు తెచ్చుకున్న నేనే మలుపులో బ్రేకు తొక్కాను.

ఆ తర్వాతే ఈ కామ్ ఎవరు అని వెతకడం మొదలుపెట్టాను. వెతికేకొద్దీ ఒక సంగతి నన్ను ఇబ్బంది పెట్టింది, ఈ వ్యాసం దాని గురించే.

కార్ల మీద ఇష్టం ఉన్నవాళ్ళు కామ్ గురించి రాసేది దాదాపు ఒకే కథ. 1930లలో ఒక జర్మన్ ప్రొఫెసర్ కారు తోకని కోసేశాడు, గాలి నిరోధం తగ్గింది, 1960లలో ఫెరారీ వాళ్ళు అదే వాడారు, ఇప్పుడు టయోటా ప్రియస్‌లోనూ అదే ఉంది, గొప్పవాడు. కథ 1930ల చివర ఆగి 1962లో మళ్ళీ మొదలవుతుంది. ఈ కథలో రెండు తప్పులున్నాయని నా వాదన. తోక విషయంలో ఆయనకి ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ పేరు ఇస్తున్నారు. మధ్యలో 1933 నుంచి 1945 దాకా పన్నెండేళ్ళని ఎవరూ ముట్టుకోవడం లేదు.

ముందు మనిషిని చెప్పాలి. వూనిబాల్డ్ కామ్ 1893లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో పుట్టాడు. స్టుట్‌గార్ట్ టెక్నికల్ యూనివర్సిటీలో మెకానికల్ చదివాడు, డైమ్లర్‌లో పని చేశాడు. 1920ల మధ్యలో ష్వాబిషె హ్యూట్టెన్‌వెర్కె అనే కంపెనీ కోసం ఒక చిన్న కారు తయారు చేశాడు. నన్నడిగితే ఆయన తెలివి మొత్తం ఆ కారులోనే కనిపిస్తుంది. ఆ రోజుల్లో కారంటే కింద బరువైన ఇనుప చట్రం, దాని మీద పెట్టిన పెట్టె. ఈయన చట్రమే తీసేశాడు. అల్యూమినియం బాడీయే బరువంతా మోస్తుంది, ఇంజిన్ ముందు చక్రాలని తిప్పుతుంది. ఇవాళ మన వీధిలో నిలబడి ఉన్న చిన్న కార్లు దాదాపు అన్నీ చట్రం లేనివే, ముందు చక్రాలతో నడిచేవే. కానీ అప్పుడు రెండు మూడు నమూనాలతోనే ఆగిపోయింది, కంపెనీ దాన్ని అమ్మకానికి తేలేదు. ఒకటి ఇప్పటికీ మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియం దగ్గరుంది.

తర్వాత బెర్లిన్ పక్కన ఆడ్లర్స్‌హోఫ్‌లో విమానయాన పరిశోధన సంస్థలో ఇంజిన్ల విభాగం. 1930లో స్టుట్‌గార్ట్‌కి ప్రొఫెసర్‌గా తిరిగొచ్చి మోటారు వాహనాల పీఠం తీసుకున్నాడు, అదే సంవత్సరం ఎఫ్‌కేఎఫ్‌ఎస్ అనే పరిశోధన సంస్థ పెట్టాడు, వాహనాలకీ వాటి ఇంజిన్లకీ. అప్పటికి ఆయన వయసు 37.

ఆయన చేసిన అసలు పని ఇదే అంటాను నేను. అంతకుముందు కార్ల విద్య ఎక్కువగా వర్క్‌షాపులో ఉండేది. మంచి మేస్త్రీ చెవితో ఇంజిన్ విని చెప్పేవాడు, మంచి డ్రైవర్ ఒళ్ళు ఆనించి చెప్పేవాడు, మా నాన్నలాగే. వాళ్ళు చెప్పేది తప్పు కాదు, కానీ అది ఆ మనిషితోపాటే పోతుంది, ఇంకొకడికి ఇవ్వాలంటే పక్కన కూర్చోబెట్టుకుని ఇరవై ఏళ్ళు తిప్పాలి. కామ్ అదంతా కొలతల్లోకి తెచ్చాడు. టైరు, రోడ్డు, ఇంజిన్, గాలి, వీటిని నాలుగు వేర్వేరు శాస్త్రాలుగా చూడకుండా ఒకే కప్పు కింద పెట్టాడు, ఎందుకంటే రోడ్డు మీద పోతున్న కారుకి ఆ నాలుగూ ఒకేసారి జరుగుతాయి. స్టుట్‌గార్ట్‌లోనే ఉంటర్‌ట్యూర్క్‌హైమ్‌లో పూర్తి సైజు కారుని నిలబెట్టి గాలి వదిలే విండ్ టన్నెల్ కట్టించాడు, 1943లో అందులో కొలతలు మొదలయ్యాయి. వెహికల్ డైనమిక్స్ చదివే ప్రతివాడూ మొదటి నెలలో నేర్చుకునే "సైకిల్ మోడల్", అంటే నాలుగు చక్రాల కారుని లెక్క కోసం రెండు చక్రాలుగా ఊహించుకోవడం, అది కూడా 1940లో రీకెర్ట్, షుంక్ అనే ఇద్దరు ప్రచురించినదే, ఈ స్టుట్‌గార్ట్ పరిశోధనల్లోంచి వచ్చిందే. ఒక మనిషి ఒక సూత్రం కనిపెట్టడం వేరు, సూత్రాలు పుట్టే చోటు కట్టడం వేరు.

ఇప్పుడు తోక సంగతి. 1920లలో పౌల్ యారే అనే ఇంజినీరు, జెప్పెలిన్ ఆకాశనౌకల దగ్గర పనిచేసినవాడు, నీటిబొట్టు ఆకారంలో కారు ఉంటే గాలి తక్కువ అడ్డుపడుతుందని చూపించాడు. ముందు గుండ్రంగా, వెనక సన్నగా సాగుతూ ఒక మొనలో ముగియాలి. చిక్కేమిటంటే ఆ తోక మరీ పొడుగు. బరువు, ఖర్చు, పార్కింగ్, ఏదీ కుదరదు. పోనీ పొట్టిగా చేద్దామని వెనకభాగాన్ని గబుక్కున కిందికి వంచితే గాలి బాడీని వదిలేసి సుడులు తిరుగుతుంది, ఆ సుడులే కారుని వెనక్కి లాగుతాయి. దీనికి జవాబు ఏమిటంటే, గాలి అంటుకుని ఉండేంత నిదానంగా సన్నబడుతూ వెళ్ళి, అడ్డుకోత వైశాల్యం సుమారు సగానికి వచ్చిన చోట నిట్టనిలువుగా కోసెయ్యడం. అప్పుడు సుడులు పుట్టే చోటు చిన్నదై, ఒకే అంచు దగ్గర కుదురుగా ఉంటుంది. మిగిలిన తోక పెట్టినా దాంతో కొత్తగా ఒరిగేది పెద్దగా లేదు.

అందమైన ఆలోచన, కానీ ఇది కామ్ ఒక్కడిది కాదు. రైన్‌హార్డ్ ఫాన్ కోనిగ్-ఫాక్సెన్‌ఫెల్డ్ అనే ఆయన బస్సుల ఆకారాల మీద పనిచేస్తూ దీన్ని పట్టుకున్నాడు, పేటెంట్ ఆయనది. బెర్లిన్‌లో ఎమిల్ ఎవర్లింగ్ కూడా అదే దారిలో ఉన్నాడు. కామ్ సంస్థ దాన్ని నిజం కార్ల మీద పెట్టి, కొలిచి, అంకెలతో నిలబెట్టింది, పేరు ఆయనకి అంటుకుంది. నిలబెట్టడం చిన్న పని కాదు. 1964లో అమెరికాలో పీట్ బ్రాక్ అనే కుర్రాడు, అంతకుముందు జనరల్ మోటార్స్‌లో ఉండగా చూసిన పాత జర్మన్ పత్రాలని నమ్ముకుని షెల్బీ డేటోనా కూపే అనే రేసు కారుకి కోసిన తోక పెడితే, విమానాల నిపుణుడు ఒకాయన తోక ఇంకా పొడుగు పెంచాలన్నాడు, సొంత టీమ్‌లోనే చాలామంది నమ్మలేదు. కారు ట్రాక్ ఎక్కాకే నోళ్ళు మూతపడ్డాయి. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో లె మాన్స్ రేసులో జీటీ తరగతిలో గెలిచింది, 1965లో ప్రపంచ జీటీ ఛాంపియన్‌షిప్ తెచ్చింది. పాతికేళ్ళ నాటి కొలతలు ఇంకో దేశంలో ఇంకో మనిషికి పనికొచ్చాయంటే ఆ కొలతలు తీసిన పద్ధతి అంత గట్టిది. కాబట్టి పొగడాల్సింది ఆ పద్ధతిని. తోకకి మాత్రం కోనిగ్-ఫాక్సెన్‌ఫెల్డ్ పేరు పక్కన రాయకుండా ఎవరూ వ్యాసం రాయకూడదు.

ఇక మధ్య పన్నెండేళ్ళు.

ఎఫ్‌కేఎఫ్‌ఎస్ పుట్టింది 1930లో, హిట్లర్ అధికారంలోకి వచ్చింది 1933లో. ఆ సంస్థ పెద్దదైంది నాజీ ప్రభుత్వం కిందే, ఆ ప్రభుత్వపు డబ్బుతోనే. ఆటోబాన్‌లనే పెద్ద హైవేలు, వేగం రికార్డుల కోసం కట్టిన కార్లు, విండ్ టన్నెల్, ఇవన్నీ ఒక రాజ్యం తన బలం చూపించుకోవడానికి విచ్చలవిడిగా ఖర్చు పెడుతున్న రోజుల్లో వచ్చినవి. యుద్ధం వచ్చాక సంస్థ పని విమాన ఇంజిన్లు, సైనిక వాహనాలు. 1945 దాకా దాని అధిపతి కామ్. పక్కనే డైమ్లర్-బెంజ్ ఫ్యాక్టరీల్లో యుద్ధకాలంలో వేలమందిని ఆక్రమించిన దేశాలనుంచి బలవంతంగా తెచ్చి పని చేయించారు, ఆ కంపెనీయే తర్వాత ఒప్పుకున్న సంగతి.

ఒక్క రోజు చూడండి చాలు. 1940 ఏప్రిల్ 28, ఇటలీలో మిల్లే మిలియా రేసు. అందులో పరుగెత్తిన బీఎండబ్ల్యూ 328 కామ్ కూపే గురించి కారు పత్రికలు కన్నార్పకుండా రాస్తాయి. గాలి నిరోధ గుణకం 0.25 (ఇది ఎంత తక్కువైతే అంత మేలు), గంటకు 230 కిలోమీటర్ల వేగం, 80 ఏళ్ళ తర్వాతి కార్లు కూడా ఆ అంకె కోసం కష్టపడుతున్నాయి. అంతా నిజమే. ఆ కారు రేసు పూర్తి చెయ్యలేకపోయింది, ఇంకో బీఎండబ్ల్యూ గెలిచింది. గెలిచిన డ్రైవర్ హుష్కే ఫాన్ హాన్‌స్టైన్ వేసుకున్న రేసు దుస్తుల మీద ఎస్‌ఎస్, అంటే నాజీ పార్టీ సాయుధ దళం, గుర్తులున్నాయి. జర్మనీ డెన్మార్క్, నార్వేల మీదకి దండెత్తి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. ఆ 0.25 అంకె రాసేవాళ్ళు ఈ వాక్యం కూడా రాయాలి. రెండూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద జరిగాయి.

యుద్ధం అయ్యాక ఏమైంది? అమెరికా వాళ్ళు ఆపరేషన్ పేపర్‌క్లిప్ పేరుతో 1600 మందికి పైగా జర్మన్ శాస్త్రవేత్తల్నీ ఇంజినీర్లనీ తీసుకెళ్ళారు, కామ్ వాళ్ళలో ఒకడు. ఒహాయోలోని డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్ వైమానిక స్థావరంలో పనిచేశాడు, తర్వాత న్యూజెర్సీలో హోబోకెన్‌లోని స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పాడు, 1955లో జర్మనీ తిరిగొచ్చి ఫ్రాంక్‌ఫర్ట్‌లో బాటెల్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో చేరాడు. 1966లో స్టుట్‌గార్ట్‌లో పోయాడు. అంటే ఓడినవాళ్ళకి పనిచేసిన చేతులే గెలిచినవాళ్ళకీ కావలసొచ్చాయి, ఎవరూ పెద్దగా ప్రశ్నలు వెయ్యలేదు. ఆ ప్రశ్నలు వెయ్యకపోవడమే ఇవాళ కథలో కనిపించే ఖాళీకి మొదలు అని నా నమ్మకం.

స్టుట్‌గార్ట్‌లో మా రూమ్‌మేట్, వరంగల్ కుర్రాడు, బుర్ర చాలా చురుకు, దీని గురించి నాతో రాత్రి రెండింటిదాకా వాదించాడు. "ఫార్ములాకి కులం లేదు, మతం లేదు, పార్టీ లేదు. వృత్తం ఎవరు గీసినా వృత్తమే. మనకెందుకన్నా ఇదంతా?" అన్నాడు. సగం ఒప్పుకుంటాను. ఆ వృత్తం నన్ను ఆ రాత్రి గడ్డిలో కాపాడలేదు గానీ ఆ తర్వాత చాలాసార్లు కాపాడింది. 1995లో మెర్సిడెస్, బాష్ కలిసి తెచ్చిన ఈఎస్‌పీ లోపల నడిచేది కూడా ఈ తర్కమే, ఏ చక్రం వృత్తం అంచుకి వచ్చిందో చూసి దాన్ని లోపలికి లాగడమే. కంప్యూటర్ వృత్తాన్ని పెద్దది చెయ్యలేదు, మనం దాటకుండా చూస్తుంది అంతే. ఈ జ్ఞానాన్ని పారెయ్యమని ఎవరు అడుగుతారు? పేరు తీసెయ్యమని కూడా నేను అడగను. పేరు తీసేస్తే ఆ ప్రశ్న అడిగే అవకాశం కూడా పోతుంది.

నేను అడిగేది వేరు. ఇంజినీరింగ్ చదివే పిల్లలకి మనం పేర్లు సూత్రాల మీద అంటించిన లేబుళ్ళలా ఇస్తాం. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడనీ, ఆయనకి జీతం ఇచ్చింది ఎవరనీ, ఆయన కొలతలు ఎక్కడెక్కడికి వెళ్ళాయనీ చెప్పం. ఆ చెప్పకపోవడంలో ఒక పాఠం దానంతటదే వెళ్ళిపోతుంది, పని బాగా చేస్తే చాలు, ఎవరి కోసం అన్నది నీకు సంబంధం లేదు అని. మాతో చదివినవాళ్ళలో కొందరు ఇప్పుడు జర్మనీలో, అమెరికాలో, హైదరాబాద్‌లో ఆయుధాల కంపెనీలకి కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. తప్పా ఒప్పా అన్నది వాళ్ళు తేల్చుకోవాలి, కానీ అది తేల్చుకోవాల్సిన విషయం అని కూడా మాకెవరూ ఏ క్లాసులోనూ చెప్పలేదు. కామ్ లాంటివాడి జీవితం ఆ చర్చకి చాలా మంచి పాఠం. ఆయన చేతకానివాడు కాదు, ఆ పని అంత బాగా చేసేవాళ్ళు అప్పుడు తక్కువ. సరిగ్గా అందుకే ఆయన ఇద్దరికీ కావలసొచ్చాడు. ఇది క్లాసులో పదిహేను నిమిషాల పని. సిలబస్ ఏమీ విరిగిపోదు.

"కాలం అలాంటిది, ఆయన మాత్రం ఏం చేస్తాడు" అనేవాళ్ళకి ఒకటే మాట. కాలం అందరికీ ఒకటే గానీ అందరూ ఒకేలా ఉండలేదు. యూనివర్సిటీల్లోంచి వెళ్ళగొట్టబడ్డ యూదు ప్రొఫెసర్లు ఉన్నారు, తమంతట తామే వదిలి వెళ్ళినవాళ్ళు కొందరున్నారు. ఉండిపోయినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళనీ గుర్తు పెట్టుకోవాలి.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకి కాగితం మీద ఆ వృత్తం గీసి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "లోడు వేస్తే ఈ గుండ్రం పెద్దదవుతుందా?" అన్నాడు. అవుతుందన్నాను. "మరి లోడు బండే ముందు జారుతుందేంటి?" సరిగ్గా క్లాసులో అడగాల్సిన ప్రశ్న. లోడుతో పట్టు పెరుగుతుంది గానీ లోడు పెరిగినంత పెరగదు, ఆపాల్సిన బరువు మాత్రం మొత్తం పెరుగుతుంది, పైగా మలుపులో లోపలి టైర్ల బరువు బయటి టైర్ల మీదకి పోతుంది, బయటివాటికి కలిసొచ్చే పట్టు లోపలివి పోగొట్టుకున్నంత ఉండదు అని చెప్పాను. తల ఊపాడు, ఆయనకి అది కొత్త కాదు, పేరే కొత్త.

"ఎవరీయన?" అన్నాడు. చెప్పాను. స్విట్జర్లాండ్‌లో పుట్టాడు, స్టుట్‌గార్ట్‌లో చదివాడు, 1930లో సంస్థ పెట్టాడు, గొప్ప కార్లు తయారు చేశాడు, తర్వాత అమెరికా వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పాడు.

"అమెరికా ఎప్పుడు వెళ్ళాడు?"

"యుద్ధం అయ్యాక."

నాన్న కాగితం బల్ల మీద పెట్టి కళ్ళజోడు తీశాడు. "మరి యుద్ధంలో ఏం చేశాడ్రా?"

అప్పుడు ఆ మిగతాది చెప్పడం మొదలుపెట్టాను.